పరబ్రహ్మం రాజీనామా

ఆ గురువారం ఉదయం సోమయాజులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బస్టాండుకు వెళ్ళి, బెజవాడ బస్సు దిగే తోడల్లుణ్ణీ మరదల్నీ ఇంటికి తీసుకురావడం, వాళ్ళకు కాఫీలు కాగానే పదింటికల్లా తిరువూరు తాలూకా ఆఫీసులో తన కుర్చీలో కూర్చోవడం. అవి ఎమర్జెన్సీ రోజులు. పది దాటి పది నిమిషాలైతే సంజాయిషీ రాసివ్వాలి. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ దరఖాస్తుల్లో తప్పులు పట్టిన గుమాస్తా తన చేత్తో తానే సంజాయిషీ రాసుకోవడమంటే సోమయాజులుకు తలవంపులు.

తోడల్లుడి పేరు పరబ్రహ్మం. బ్యాంకాకులో ఒక బట్టల మిల్లులో రంగులు కలిపే కెమిస్టు. సోమయాజులు భార్య కమలాంబకు చెల్లెలైన రమాసుందరిని పెళ్ళి చేసుకుని, నాలుగేళ్ళ క్రితం ఆమెతో సహా విమానం ఎక్కాడు. ఆ విమానం ఎక్కిన రోజు నుంచీ కమలాంబకు తిన్నది ఒంటబట్టడం లేదు. చెల్లెలు సుఖంగా ఉంటే అక్కకు సంతోషం కాదా అంటే, సంతోషమే. అయితే ఆ సంతోషం ఆమెకు ఎప్పుడూ గుండెల్లో మంటలాగే తెలిసేది. రమాసుందరి ఒకసారి ఫోటో పంపింది. పళ్ళు నింపిన పడవలో, పువ్వుల గొడుగు పట్టుకుని, నవ్వుతూ కూర్చుంది. చింతపండు పిసకడం కూడా సరిగా రాని పిల్లకు పడవ, పైగా గొడుగు. కమలాంబ ఆ ఫోటోను నాలుగుసార్లు చూసి, బియ్యం డబ్బా కింద బోర్లా పెట్టింది.

ఉత్తరాల్లో మాత్రం రమాసుందరి ఎప్పుడూ ఏదో ఒక బాధే రాసేది. ఆ ఉత్తరాలను సోమయాజులు అర్జీ చదివినట్టు చదివేవాడు.

"శిస్తు కట్టలేనని అర్జీ పెట్టే ఆసామీ ఇంట్లోనే గాదె నిండుగా ఉంటుంది కమలా. మనం కుళ్ళుకోకుండా ఉండాలని రాసే ఉత్తరాలివి," అనేవాడు. అని, రోజంతా కుళ్ళుకునేవాడు.

ఇంతకాలానికి వాళ్ళు వస్తున్నారు. వాళ్ళను కూర్చోబెట్టడానికి ఇంట్లో ఉన్నవి రెండు చెక్క కుర్చీలు, ఒక నులక మంచం. కమలాంబ వారం రోజులుగా వాటినే చూస్తూ నిట్టూరుస్తోంది. అలాంటి సమయంలో, బుధవారం సాయంత్రం, పక్కింటి సరోజినీదేవి వచ్చింది. ఆవిడ భర్త దశరథరామయ్యకు రెడ్డిగూడెం దగ్గర మామిడితోటలున్నాయి.

"కమలాంబగారూ, ఇంటికి సున్నాలేయిస్తున్నాం. శనివారం దాకా ఈ సామాను మీ ముందుగదిలో పెట్టుకుంటారా? ఆరుబయట పెడితే పాడైపోతాయి," అంది.

కమలాంబ ఔననే లోపలే సామాను రావడం మొదలైంది. ఎర్ర రెక్సిను సోఫా, దానికి జతగా రెండు మెత్తటి కుర్చీలు, నిలువుటద్దం ఉన్న బీరువా, నిలబడి తిరిగే ఫ్యాను, చివరగా నలుగురు మనుషులు మోస్తే ఒక ఫ్రిజ్జు. ఫ్రిజ్జును ఊరికే ఉంచితే లోపల వాసన పడుతుందని సరోజినీదేవే దగ్గరుండి ప్లగ్గు పెట్టించింది. ఆ ముందుగదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. ఫ్రిజ్జు గుర్రుమన్నప్పుడల్లా దీపం గుడ్డిదైపోయేది.

ఆవిడ వెళ్ళాక భార్యాభర్తలిద్దరూ సోఫాలో చెరొక చివరా కూర్చుని చాలాసేపు దాని మెత్తదనం చూసుకున్నారు.

"అబద్ధం ఆడొద్దండీ. అడిగితే చెప్పేద్దాం," అంది కమలాంబ ఆఖరికి.

"అడక్కపోతే?" అన్నాడు సోమయాజులు.

"అడక్కపోతే మనకెందుకు?"

పరబ్రహ్మం దంపతులు బస్సు దిగినప్పుడు సోమయాజులుకు కాస్త ఆశ్చర్యం వేసింది. పరబ్రహ్మం చిక్కిపోయాడు. చొక్కా మెడ చుట్టూ వదులుగా ఉంది. ఇద్దరికీ కలిపి ఒకటే రేకుపెట్టె.

"సామాను ఇంతేనా?" అని అడిగాడు సోమయాజులు.

"మిగతాది తర్వాత వస్తుందండీ అన్నయ్యగారూ," అన్నాడు పరబ్రహ్మం, ఎటో చూస్తూ.

ఓడలో వస్తోంది కాబోలు అనుకున్నాడు సోమయాజులు. ఓడకు సరిపడా సామాను అన్నమాట.

ఇంటి గడపలో రమాసుందరి ఆగిపోయింది. గది నిండా సోఫా, అద్దంలో మళ్ళీ ఇంకో సోఫా. పరబ్రహ్మం భార్య భుజం మీదుగా తొంగిచూసి చెప్పులు కాస్త దూరంగా విప్పాడు.

"అక్కా, ఇదంతా ఎప్పుడు?"

"ఏదో, ఈ మధ్యనే వచ్చాయిలే," అంది కమలాంబ. నిజమే కాబట్టి గొంతు వణకలేదు.

పరబ్రహ్మం సోఫా అంచున, పరీక్షకు వచ్చిన కుర్రాడిలా కూర్చున్నాడు. అంతలో ఫ్రిజ్జు గుర్రుమంది. అతను లేచి నిలబడ్డాడు.

"ఫ్రిజ్జులే మరిదిగారూ, కూర్చోండి," అంది కమలాంబ, ప్రతి ఇంట్లోనూ ఉండేదే అన్నట్టు. చెల్లెలికి చల్లటి మజ్జిగ ఇచ్చింది. గాజు గ్లాసు పైన పట్టిన చెమటను రమాసుందరి వేలితో రాస్తూ ఉండిపోయింది. ఆ చూపు కమలాంబకు నాలుగేళ్ళ ఆకలి తీర్చింది.

సాయంత్రం సోమయాజులు ఆఫీసు నుంచి వచ్చాక కబుర్లు మొదలయ్యాయి. రమాసుందరి బ్యాంకాకు సంసారం చెప్పుకొచ్చింది. వాళ్ళుండేది ఒక కొట్టు పైన, మూడో అంతస్తులో ఒకే గది. నీళ్ళు కింద నుంచి మోసుకోవాలి. స్నానాలగది ఆరు కుటుంబాలకు ఒకటే.

"మూడంతస్తుల మేడా?" అన్నాడు సోమయాజులు.

"మేడేనండీ బావగారూ. వానొస్తే కింది అంతస్తులోకి కాలవ నీళ్ళొస్తాయి. రిక్షాకు బదులు పడవ పిలవాలి."

"గుమ్మంలోకే పడవొస్తుందటండీ," అని కమలాంబ మొగుడి వైపు చూసింది.

పరబ్రహ్మం తిండి సంగతి అందుకున్నాడు. కూరలో ఉప్పు బదులు చేపల రసం పోస్తారట. చేపలు వద్దంటే, పాపం, సరేనని తలూపి రొయ్యపొట్టు చల్లి తెస్తారట. నాలుగేళ్ళలో తాను హోటల్లో ధైర్యంగా తిన్నది అరటిపళ్ళు ఒక్కటే అన్నాడు.

"వాళ్ళ తప్పేం లేదక్కా, మాకు మాట రాదు," అంది రమాసుందరి. "ఆ భాషలో అన్నీ ఒకలాంటి మాటలే. గొంతు ఒక రకంగా దించితే బియ్యం, ఇంకో రకంగా దించితే మోకాలు, కాస్త లేపితే కొండ. మొదటి నెలంతా నేను కొట్టుకెళ్ళి రెండు కిలోల మోకాళ్ళు కావాలని అడిగాను. ఆవిడ నవ్వుతూనే బియ్యం తూచి ఇచ్చేది. ఎందుకు నవ్వుతోందో నాలుగో నెలకు గానీ తెలియలేదు."

అన్నింటికంటే పెద్ద బాధ కాగితాలట. పరదేశీయుడికి ఒక పుస్తకం, పని చేసుకోవడానికి ఇంకో పుస్తకం, దేశంలో ఉండడానికి వేరే ముద్ర. ఏటా వరసలో నిలబడాలి. ఫోటోలో రెండు చెవులూ సమానంగా కనబడాలి. ఒకసారి ఎడమ చెవి సరిగా పడలేదని పరబ్రహ్మాన్ని వెనక్కి పంపించారు.

"ఈ ముద్రలకు తిరగడంలోనే నా ఆయుష్షు సగం అరిగిపోయిందండీ," అన్నాడు పరబ్రహ్మం.

"ఎన్ని సెలవులు ఇస్తారో మీ మిల్లువాళ్ళు, అన్ని రోజులు తిరగనిచ్చారంటే," అన్నాడు సోమయాజులు. ఆయన మనసులో మేడ, పడవ, సెలవులు మాత్రమే మిగిలాయి. పరబ్రహ్మం ఏదో చెప్పబోయి, సోఫా చేతి మీద ఎర్ర రెక్సిను నిమిరి, ఊరుకున్నాడు.

శుక్రవారం ఉదయం అందరూ కాఫీలు తాగుతుండగా సరోజినీదేవి తలుపు తట్టకుండానే వచ్చింది. ఫ్రిజ్జు తెరిచి వెన్నగిన్నె ఒకటి తీసుకుని, పెరుగుగిన్నె ఒకటి పెట్టి, బీరువా అద్దంలో బొట్టు సరిచేసుకుని వెళ్ళిపోయింది.

"ఎవరే ఆవిడ?" అంది రమాసుందరి.

"పక్కింటావిడ."

"తన వెన్న మీ ఫ్రిజ్జులో పెట్టుకుంటుందా?"

"పెట్టుకోనీ, పాపం," అంది కమలాంబ.

రమాసుందరి మొగుడి వైపు చూసింది. ఇద్దరికీ బ్యాంకాకులో ఇంటిగలావిడ గుర్తొచ్చింది. పరబ్రహ్మం పొరపాటున ఆవిడ వైపు కాళ్ళు చాపి కూర్చున్నందుకు ఆవిడ నెల రోజులు మాట్లాడలేదు. ఇక్కడ చూస్తే అక్కగారు వీధి మొత్తానికీ చల్లదనం పంచుతోంది.

ఆ సమయంలోనే కమలాంబ, కొంచెం మర్యాదకూ కొంచెం ఎత్తిపొడుపుకూ, అడిగింది.

"ఇంతకీ తిరుగు ప్రయాణం ఎప్పుడు మరిదిగారూ?"

పరబ్రహ్మం కాఫీ గ్లాసు కింద పెట్టాడు. సోఫా, ఫ్యాను, ఫ్రిజ్జు ఒక్కొక్కటే చూశాడు.

"తిరుగు ప్రయాణం లేదు వదినగారూ. ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. మిమ్మల్ని చూశాక మనసు మారిపోయింది. ఇంత హాయిగా సొంతూళ్ళో ఉండక, ఆ ముద్రల కోసం ఎందుకు తిరగడం? ఇవాళే ఉత్తరం రాస్తాను."

రమాసుందరి ఏదో అనబోయి మానేసి, గ్లాసులు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

సోమయాజులు గుండెల్లో మంట మీద ఎవరో ఐసు ముక్క పెట్టినట్టయింది. ఇక మేడ లేదు, పడవ లేదు, విమానం లేదు. నాలుగేళ్ళుగా కదలని బరువు ఏదో పక్కకు జరిగింది.

"తొందరపడకు పరబ్రహ్మం, బాగా ఆలోచించుకో," అన్నాడు. గోడ గడియారం చూసి, "పావుగంటలో రాసేస్తే ఆఫీసుకెళ్తూ నేనే పోస్టు చేస్తా," అన్నాడు.

పరబ్రహ్మం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పావుగంట తర్వాత అంటించిన కవరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. మిల్లు యజమాని పేరు, బ్యాంకాకు చిరునామా ఉన్నాయి. కవరు లావుగా ఉంది.

"రిజిస్టరు చేయించండి అన్నయ్యగారూ. ఇది పోకూడదు."

"పోనిస్తానా," అన్నాడు సోమయాజులు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

పోస్టాఫీసులో పోస్టుమాస్టరు వెంకటప్పయ్య కవరు తూచి, "బరువుందేనండీ," అన్నాడు.

"నాలుగేళ్ళ బాధ కదా మరి. ఎప్పుడెళ్తుంది?"

"నాలుగింటి బెజవాడ బస్సులో సంచీ వెళ్తుంది."

రసీదు జేబులో పెట్టుకుని, సోమయాజులు పది కాకముందే కుర్చీలో కూర్చున్నాడు. ఆ పూట మూడు దరఖాస్తులకు ఒక్క తప్పూ పట్టకుండా సంతకం చేశాడు. విస్సన్నపేట నుంచి వచ్చిన ఒక ఆసామీ అది నమ్మలేక, బయటికి వెళ్ళినవాడు మళ్ళీ లోపలికి వచ్చి, "పనైపోయినట్టేనాండీ?" అని అడిగి వెళ్ళాడు.

ఒంటిగంటకు భోజనానికి ఇంటికి వచ్చేసరికి కమలాంబ నూతి దగ్గర నిలబడి ఉంది.

"రమ ఏడుస్తోందండీ. పొద్దుట్నుంచీ దొడ్లో కూర్చుని ఏడుస్తోంది. ఎందుకే అంటే చెప్పదు. నాకు తెలుసు ఎందుకో. మన సోఫా చూసే మానేశాడు మరిది. అది మన సోఫా కూడా కాదు."

"మానేస్తే మానేశాడు. ఇక్కడ ఏదో ఒకటి దొరక్కపోదు."

"ఏం దొరుకుతుందండీ? రంగులు కలిపే మిల్లు ఎక్కడుంది? ఎ.కొండూరులో ఉందా, రెడ్డిగూడెంలో ఉందా? మామిడికాయలకు రంగులేయమంటారా? రేపు సరోజినీదేవిగారు సామాను పట్టుకుపోతారు. ఎల్లుండి నులక మంచం మీద కూర్చుని, దీన్ని చూసా నేను ఉద్యోగం వదులుకుంది అంటే ఏం చెబుతాం?"

సోమయాజులు చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ ఆలోచనలో పడ్డాడు. మరదలు ఏడవడం ఆయనకూ బాధగానే ఉంది. చిన్నప్పుడు ఆ పిల్లకు ఎక్కాలు తనే నేర్పాడు.

"పైగా ఇంకో సంగతి," అంది కమలాంబ. "మీ ఆఫీసులో ఏదైనా చూస్తారని ఆశగా ఉన్నాడు. అన్నయ్యగారికి ఇంత పలుకుబడి ఉంటే ఆమాత్రం చేయలేరా అని నన్నే అడిగాడు."

సోమయాజులు చేతిలో చెంబు ఆగిపోయింది. పరబ్రహ్మం బి.ఎస్సీ. తాను ఎస్సెల్సీ. ఆఫీసులో అడుగుపెడితే వాడు పక్క కుర్చీలో ఎన్నాళ్ళుంటాడు? రెండేళ్ళలో ఎదురు గదిలో కూర్చుని తన ఫైళ్ళలో తప్పులు పడతాడు. బ్యాంకాకులో ఉన్న తోడల్లుణ్ణి చూసి ఏడవడం ఒక ఎత్తు. రోజూ పది నుంచి అయిదు దాకా ఎదురుగా కూర్చుని ఏడవడం ఇంకో ఎత్తు.

కంచం ముందు కూర్చోకుండానే ఆయన పోస్టాఫీసుకు పరుగెత్తాడు.

"పొద్దున ఇచ్చిన కవరు వెనక్కి కావాలండీ," అన్నాడు రొప్పుతూ.

"పంపినాయన రాతపూర్వకంగా అడిగితే ఇస్తామండీ. సంచీకి ఇంకా లక్క వెయ్యలేదు," అన్నాడు వెంకటప్పయ్య.

"పంపింది నేనేగా. మీ చేతికి ఇచ్చింది నేను."

"ఇచ్చింది మీరే. పంపింది పరబ్రహ్మంగారు. కవరు మీద అదే పేరుంది."

గడియారం రెండు చూపిస్తోంది.

"నేనే పరబ్రహ్మం," అన్నాడు.

వెంకటప్పయ్య కళ్ళజోడు సవరించుకుని ఆయన్ని నిదానంగా చూశాడు.

"అది వేదాంతంలో చెల్లుతుందండీ సోమయాజులుగారూ. పోస్టాఫీసులో దరఖాస్తు కావాలి."

ఇరవై రెండేళ్ళుగా తాను జనానికి చెబుతున్న మాట అది. దాని రుచి ఎలా ఉంటుందో ఆయనకు మొదటిసారి తెలిసింది. తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుని మళ్ళీ ఇంటికి పరుగెత్తాడు.

పరబ్రహ్మం సోఫాలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఫ్రిజ్జు ప్లగ్గు తీసి పెట్టిన ఫ్యాను గాలికి జుట్టు ఎగురుతోంది.

"పరబ్రహ్మం, ఒక సంతకం పెట్టు," అన్నాడు సోమయాజులు.

"దేనికండీ?"

రాజీనామా వెనక్కి తెస్తున్నానంటే, ఎందుకని అడుగుతాడు. ఎందుకంటే సోఫా కథ చెప్పాలి. అంత చెప్పడానికి నోరు రాలేదు.

"ఇక్కడే స్థిరపడుతున్నావుగా. రేషను కార్డుకు దరఖాస్తు పెట్టాలి. పంచదార జాబితా ఇవాళే కడతారు."

పరబ్రహ్మం ఇబ్బందిగా కదిలాడు. "ఇప్పుడే ఎందుకండీ, కొన్నాళ్ళు చూసి..."

"ఏం, ఉండవా?"

"ఉంటానండీ, ఉంటాను," అని అతను గబగబా ఖాళీ కాగితం అడుగున సంతకం చేశాడు. అబద్ధం ఆడినవాడు ఎదుటివాడి అబద్ధాన్ని పరీక్షించే స్థితిలో ఉండడు.

ఆ సంతకం మీద దరఖాస్తు రాసి, వెంకటప్పయ్య చెప్పిన రెండుచోట్ల తేదీ వేసి, రసీదు అప్పగించి, మూడు గంటలకు సోమయాజులు కవరు చేత్తో పట్టుకున్నాడు. ఆఫీసుకు వెళ్ళాలని గుర్తున్నా కాళ్ళు ఇంటి వైపే నడిచాయి. ఒక సంసారాన్ని నిలబెట్టానన్న గర్వంలో ఎండ కూడా తెలియలేదు.

ఇంటి ముందు, మనుషుల్ని తెచ్చిన దశరథరామయ్యగారి జీపు ఆగి ఉంది. సున్నం అనుకున్నదానికంటే ఒకరోజు ముందే ఆరిపోయిందట. డ్రైవరు లాజరు, ఇంకో ముగ్గురు మనుషులు ఫ్రిజ్జును గుమ్మంలో పక్కకు వాల్చి బయటికి తెస్తున్నారు. సోఫా అప్పటికే అరుగు మీదికి వచ్చేసింది. కదల్చేముందు పరబ్రహ్మాన్ని లేవమని చెప్పడం వాళ్ళకు మొహమాటమైనట్టుంది. అతను తానే లేచి, గోడ పక్కన నిలబడి, ఒక్కొక్క వస్తువు వెళ్ళిపోవడం చూస్తున్నాడు.

"చాలా సాయం చేశారు కమలాంబగారూ. ఒక్క గీత కూడా పడనివ్వలేదు," అంటోంది సరోజినీదేవి.

కమలాంబ తల ఎత్తలేదు. రమాసుందరి అక్కనూ, ఫ్రిజ్జునూ మార్చి మార్చి చూస్తోంది.

దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. అందుకని సోమయాజులుకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"చూశావుగా పరబ్రహ్మం. ఇవేవీ మావి కావు. మాకున్నవి రెండు చెక్క కుర్చీలు, ఆ నులక మంచం, అంతే. మీరు వస్తున్నారని, మా బడాయి కొద్దీ నోరు మూసుకున్నాం. నాలుగేళ్ళుగా మిమ్మల్ని చూసి కుళ్ళిపోయాం. అయినా నీకేం భయం లేదు. నీ రాజీనామా బ్యాంకాకు వెళ్ళదు."

అని కవరు పైకెత్తి, అందరూ చూస్తుండగా రెండుగా చించాడు. లావుగా ఉండడంతో బలం పెట్టాల్సి వచ్చింది. రెండు ముక్కల్నీ కలిపి మళ్ళీ చించాడు.

పరబ్రహ్మం గోడకు అలాగే జారి కింద కూర్చున్నాడు.

"అది రాజీనామా కాదండీ అన్నయ్యగారూ," అన్నాడు.

జీపు వెళ్ళిపోయాక, సోఫా ఉన్నచోట ఆ నాలుగు ముక్కలూ పరిచి చుట్టూ కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. పరబ్రహ్మానికి పని చేసుకునే అనుమతి మూడు నెలల క్రితమే అయిపోయింది. కొత్తది రావాలంటే, ఈ పని తమ దేశంలో ఇంకెవరికీ రాదని మిల్లు యజమాని రాసివ్వాలి. ఆయన రాయడానికి ఆలస్యం చేశాడు. ఈలోగా దేశంలో ఉండే గడువు కూడా దాటిపోయింది. ఉన్న సామానంతా అమ్ముకుని టికెట్లు కొనుక్కుని వచ్చేశారు. కవరులో ఉన్నది యజమానిని బతిమాలుకుంటూ ఉత్తరం, రెండు చెవులూ కనబడే ఫోటోలు, పదకొండు రోజులు వరసలో నిలబడి సంపాదించిన, బ్యాంకాకు వాళ్ళ సయాం భాషలో ఉన్న దరఖాస్తు ఫారం. నెలాఖరులోగా అది యజమాని చేతికి అందాలి. ఆ ఫారం మనిషి స్వయంగా వెళ్తే తప్ప ఇవ్వరు. స్వయంగా వెళ్ళాలంటే ఆ ఫారం మంజూరు కావాలి.

"మొదటిరోజే చెబుదామనుకున్నానండీ," అన్నాడు పరబ్రహ్మం. "ఆ సోఫాలో కూర్చున్నాక నోరు రాలేదు. మీరేమో వీధికంతా ఫ్రిజ్జు పంచుతున్నారు. నేను ఉద్యోగం పోగొట్టుకుని వచ్చానని ఎలా చెప్పను? పోయిందనడం కంటే వదిలేశాననడం బాగుంటుందనిపించింది."

"మరి ఆ పడవ?" అంది కమలాంబ చెల్లెలితో. ఇంత జరిగినా ఆమెకు అదే మనసులో ఉంది.

"పడవ ఫోటో తీసేవాడిదక్కా. గొడుగు కూడా వాడిదే. దిగగానే తీసేసుకున్నాడు."

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వుతూ నవ్వుతూ రమాసుందరి మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఎందుకేడుస్తోందో కమలాంబకు తెలుసు కాబట్టి, దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

సోమయాజులు మాత్రం ముక్కల మీద నుంచి చూపు తిప్పలేదు. ఎలుకలు కొరికిన పొలాల అడంగళ్ళు, వానకు తడిసిన దస్తావేజులు ఎన్నింటినో ఆయన అతికించాడు. కాగితం బతికించడం ఆయనకు చేతనైన ఒకే ఒక్క విద్య.

"కమలా, మైదా ఉడికించు," అన్నాడు.

మైదా జిగురు వచ్చింది. నలుగురూ మోకాళ్ళ మీద వంగారు. ఆ సయాం అక్షరాలకు కొమ్ములూ గుడులూ తెలుగు వాటికి ఉన్నట్టే ఉన్నాయి గానీ ఒక్కటీ పలకడం లేదు. ఏది తలో ఏది కాలో తెలియక ఒక ముక్కను తలకిందులుగా అతికించబోతే రమాసుందరి ఆపింది. అందులో ఆమె ఒక మాట గుర్తుపట్టింది.

"ఇది బియ్యమో కొండో బావగారూ. ఏదైనా సరే, ఇటువైపే ఉండాలి."

మర్నాడు సోమయాజులు మధ్యాహ్నం గైర్హాజరుకు సంజాయిషీ రాసిచ్చాడు. దానితోపాటే, అతికించిన ఫారాన్ని తహసీల్దారు ముందు పెట్టి జరిగిందంతా చెప్పాడు. తహసీల్దారు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం భాషయ్యా?"

"సయాం భాషండీ."

"నువ్వు చదివావా?"

"అంచులు చదివానండీ. నాలుగు ముక్కలూ ఒకే కాగితానివి. ఆ మాట మాత్రం ధ్రువీకరించండి చాలు."

తహసీల్దారు కాసేపు నవ్వాపుకుని, ఇందుతో జతపరచిన నాలుగు ముక్కలూ ఒకే కాగితమునకు చెందినవని ఇంగ్లీషులో రాయించి, సంతకం చేసి, ఊదారంగు గుండ్రటి ముద్ర కొట్టించాడు. ఉత్తరం మళ్ళీ రాసి, ఫోటోలు మళ్ళీ తీయించి, కవరు ఈసారి పరబ్రహ్మమే స్వయంగా పోస్టాఫీసుకు తీసుకెళ్ళాడు. వెంకటప్పయ్య అతని పేరు రెండుసార్లు అడిగి మరీ తీసుకున్నాడు.

ఆ తర్వాత నెల రోజులూ నలుగురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. మగవాళ్ళు వసారాలో చాపల మీద, ఆడవాళ్ళు నులక మంచం మీద. దాచుకోవలసింది ఎవరి దగ్గరా లేకపోవడంతో కబుర్లు బాగా సాగాయి. రమాసుందరి రోజూ గోంగూర అడిగి చేయించుకుంది. పరబ్రహ్మం మెడ దగ్గర చొక్కా మళ్ళీ బిగుతైంది. వైశాఖం చివర టెలిగ్రాం వచ్చింది. అనుమతి మంజూరైంది, వెంటనే బయల్దేరమని. బస్సెక్కించేటప్పుడు కమలాంబ చెల్లెలికి ఊరగాయ జాడీ ఇచ్చి, "ఒంట్లో జాగ్రత్త," అని మనసారా అంది. సోమయాజులు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరి మనసుల్లోనూ ఆ రోజు మచ్చుకు కూడా కుళ్ళు లేదు.

రెండు నెలల తర్వాత పరబ్రహ్మం దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆదివారం పొద్దున వసారాలో కూర్చుని సోమయాజులు పైకి చదివాడు. కమలాంబ చేటలో బియ్యం చెరుగుతూ వింది.

అక్కడి ఆఫీసులో అధికారి ఆ గుండ్రటి ముద్ర చూసి పై అధికారిని పిలిచాడట. ఆయన ఇంకో ఆయన్ని పిలిచాడట. ముగ్గురికీ అది ఏ శాఖ ముద్రో అర్థం కాలేదు కాబట్టి ముగ్గురూ కాదనలేకపోయారట. అయితే పని అనుమతి వచ్చినా, ఉండడానికి వేసే ముద్ర మాత్రం దేశం బయటే వేయించుకోవాలన్నారట. అందుకని ఇద్దరూ రెండు పగళ్ళు రైలులో నిలబడి మలేసియా దేశంలో పెనాంగు అనే ఊరికి వెళ్ళారట. అక్కడ ఆఫీసుకు మూడు రోజులు సెలవు. సత్రంలో నల్లులు. తినడానికి మళ్ళీ అరటిపళ్ళే. ఊరగాయ జాడీని సరిహద్దులో ఆపి, ఇదేమిటో తేలేదాకా నాలుగు గంటలు ఎండలో నిలబెట్టారట. తిరిగి వచ్చేసరికి రమకు జ్వరం, కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్ళు. ఈ బతుకు పగవాడికి కూడా వద్దని రాసి, పరబ్రహ్మం ఉత్తరం ముగించాడు.

కమలాంబ చేట పక్కన పెట్టింది.

సోమయాజులు ఉత్తరాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, "అయితే పెనాంగు కూడా చూసేశారన్నమాట," అన్నాడు.